ఎడమచేతి గొడ్డలి

బెల్లంపల్లి, కంపెనీ లైన్లు
12 జూన్ 1953, శుక్రవారం

తమ్ముడు యేసుదాసుకు అక్క సాయవ్వ దీవెనలు.

ఈ రోజు చేసిన పనులు. కుళాయి దగ్గర నాలుగు బిందెల నీళ్లు పట్టాను. మీ బావ గని బట్టలు సోడాలో ఉడకబెట్టి ఉతికాను. రెండు శేర్ల వడ్లు దంచి చెరిగాను. చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి కుండకెత్తాను. పొరుగింటి గట్టయ్య చెయ్యి విరగ్గొట్టాను.

చివరి పని గురించే ఈ ఉత్తరం. నువ్వు మన ఊళ్లో సంఘపెద్దవు. పాస్టరుగారు మూడు నెలలకోసారి వస్తే మిగతా ఆదివారాలన్నీ ప్రార్థన నడిపేది నువ్వే. అందుకే అడుగుతున్నాను. నేను చేసింది తప్పా, ఒప్పా?

గట్టయ్య గనిలో బొగ్గు టబ్బులు నింపుతాడు. తాగితే భార్య పోచవ్వను కొడతాడు. ఇవాళ జుట్టు పట్టి ఈడ్చి ఆమె తలను గడపకేసి మోదాడు. ఒకసారి కాదు. నెత్తురు మా వాకిలి దాకా వచ్చింది. లైనులో మగవాళ్లంతా నిలబడి చూస్తున్నారు. "మొగడు పెండ్లాల లొల్లి, మనకెందుకు" అన్నాడొకడు, నోట్లోని బీడీ తీయకుండానే. నేను వడ్లు దంచుతున్నాను. చేతిలో రోకలి ఉంది. అలాగే వెళ్లాను.

"ఇడిసిపెట్టు" అన్నాను.

"నా పెండ్లాం, నా ఇష్టం. నువ్వెవలు అడుగుతందుకు?"

"నేనడుగుతలేను. ఇది అడుగుతాంది" అని రోకలి చూపించాను.

వాడు నవ్వాడు. ఆమె కడుపులో తన్నడానికి కాలెత్తి, పడిపోకుండా ఒక చెయ్యి గోడకు ఆనించాడు. ఆ చేతి మీద వేశాను. ఎండు తుమ్మకట్టె విరిగినట్టు చప్పుడైంది. వాడు కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

సాయంత్రం ప్రార్థనలో ఆడవాళ్లు నా పక్కన కూర్చోలేదు. శంకరవ్వ అయితే మొహం మీదే అడిగింది. "ఏమక్కా, రెండో చెంప జూపుమన్న దేవుని బిడ్డవు. రోకలెట్ల వట్టినవు?"

"చెంప నాదైతే జూపుతుంటి. పోచవ్వ చెంపను నేనెట్ల జూపుదు?" అన్నాను.

అప్పటికి నోరు మూయించాను గానీ ఇంటికొచ్చాక నాకే మనసు కుదుటపడలేదు. మీ బావ షిఫ్టు దిగి వచ్చి, అంతా విని, "రోకలి పగుల్లే గద?" అని మాత్రం అడిగాడు.

ఇంకొక సంగతి. ఈ ఆషాఢంలో పోచమ్మ పండుగకు మన వాడవాళ్లే డప్పు కొట్టాలని పటేలు లక్ష్మీరాజం పట్టుబడుతున్నాడట. బాపు బాప్తిస్మం తీసుకున్ననాడే డప్పును దూలానికి వేలాడదీశాడు. కూలి లేని ఆ వెట్టిని నువ్వు మళ్లీ నెత్తికెత్తుకుంటావా? ఏం చేస్తావో రాయి.

మీ అక్క
సాయవ్వ


ఎర్రకుంటపల్లె, సుల్తానాబాద్ దగ్గర
3 ఆగస్టు 1953

అక్కకు, బావకు ప్రభువు పేరిట వందనాలు.

జవాబు ఆలస్యమైంది, మన్నించు. అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారు పడకు. పొలం గట్టు మీద జారి పడ్డాను. కుడిచేతికి దెబ్బ తగిలింది. ఎడమచేత్తో రాస్తున్నాను.

నువ్వు అడిగినదానికి నాకు తోచింది చెబుతాను. ప్రభువును పట్టుకోవడానికి శత్రువులు వచ్చిన రాత్రి ఆయన పక్కనే కత్తి ఉంది. శిష్యుడు దూసి ఒకడి చెవి నరికాడు కూడా. ప్రభువు ఆ కత్తిని ఒరలో పెట్టించి, తెగిన చెవిని బాగుచేశాడు. చేతకాక కాదు, చేతనై కూడా. నువ్వు రోకలి ఇంట్లో పెట్టి, ఒట్టి చేతులతో పోచవ్వకు అడ్డం నిలబడి, ఆ తన్ను నువ్వు తిని ఉంటే గట్టయ్య సిగ్గుపడేవాడేమో. విరిగిన చెయ్యి సిగ్గుపడదక్కా, పగపడుతుంది.

డప్పు సంగతి నెమ్మదిగా ముగిసింది. మేము కొట్టలేదు. పండుగ అయిపోయింది. దాని గురించి ఫికరు పెట్టుకోకు.

బాలవ్వ, పిల్లలు క్షేమం. వర్షాలు బాగున్నాయి.

నీ తమ్ముడు
యేసుదాసు


బెల్లంపల్లి
16 ఆగస్టు 1953, ఆదివారం

యేసుదాసుకు,

ఈ రోజు చేసిన పనులు. ఆరాధనకు వెళ్లి వచ్చాను. మక్కలు విసిరాను. మన ఊరి హనుమండ్లు గనిలో పని వెతుక్కుంటూ వస్తే అన్నం పెట్టాను. ఆ తర్వాత ఏ పనీ చేయలేదు.

"నా తమ్ముని చెయ్యి నయమైందా? గట్టు మీద పడ్డడట గద" అన్నాను.

హనుమండ్లు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "గట్టు మీదనా? ఎవలు జెప్పిన్రు నీకు? పటేలు వాకిట్ల పడ్డడు యేసుదాసు. పడలే, పడగొట్టిన్రు. పటేలు మనిషి రాజలింగు గాడు ఈపు మీద మోకాలేసి, చెయ్యి డప్పు మీద వెట్టి గడ్డపారతోని ఏసిండు. ఊరంత సూసింది. నీ తమ్ముడు కిక్కురుమనలే."

ఎడమచేత్తో అబద్ధం రాయడానికి ఎంత కష్టపడ్డావో ఆ అక్షరాలు చూస్తే తెలుస్తోంది. నాకు చెవి బాగుచేసిన కథ చెప్పావు. అదే ప్రభువు గుడిలో తాళ్లు పేని కొరడా చేసుకున్నాడు. వ్యాపారుల బల్లలు తలకిందులు చేశాడు. ఆ పుట నీ వేదంలో లేదా, చెదలు తిన్నాయా? నెమ్మది అంటే బురదలా ఉండడమా? తొక్కినవాడి పాదం అచ్చు వేయించుకోవడానికా దేవుడు నిన్ను చేసింది?

ఠాణాకు వెళ్లి ఫిర్యాదు రాయించు. పటేలుకు భయపడి రాసేవాళ్లు లేకపోతే చెప్పు, నేను వచ్చి రాస్తాను. జరిగింది జరిగినట్టు రాయి. ఈసారి అబద్ధం వస్తే నీ ఉత్తరం పొయ్యిలో పెడతాను.

సాయవ్వ


ఎర్రకుంటపల్లె
30 ఆగస్టు 1953

అక్కకు,

నీ ఉత్తరం చదివి బాలవ్వ ఏడ్చింది. అబద్ధం రాయవద్దని ఆమె ముందే చెప్పింది. జరిగింది ఇది.

పటేలు తన వాకిట్లో మంచం వేయించుకుని కూర్చున్నాడు. బాపు డప్పును మన దూలం నుంచి దింపించి నేల మీద పెట్టించాడు.

"కొట్టు" అన్నాడు.

"కొట్ట దొరా. పోచమ్మ మీద నాకు కోపం లేదు. మెడ మీద చెయ్యేసి కొట్టిపిచ్చే డప్పు కొట్ట."

"చెయ్యుండి కొట్టకుంటె గా చెయ్యెందుకుర నీకు?" అని రాజలింగు వైపు చూశాడు.

రాజలింగు ఆయన దగ్గర జీతగాడు. మనలాగే తిండికి లేక పుట్టినవాడు. ఎద్దును పడగొట్టినంత తేలికగా నన్ను పడగొట్టాడు. నా అరచెయ్యి డప్పు మీద పరిచాడు. మొదటి దెబ్బకు డప్పు మోగింది. పండుగ మొదలైందనుకుని అవతల వీధిలో పిల్లలు కేకలు వేశారు. రెండో దెబ్బకు తోలు చిరిగింది. మూడోది నాకు వినబడలేదు.

మొదటి దెబ్బకు ముందు రాజలింగు నా చెవిలో ఒక మాట అన్నాడు. "కదలకు. కదిలితె మణికట్టు మీద వడ్తది." అది దయో, పనితనమో నాకు తెలియదు. ఆ మాటే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మూడు వేళ్లు వంగవు. మిగతా రెండు పనికొస్తాయి. నేను తిట్టలేదు, శపించలేదు. వాడలో కుర్రాళ్లు పటేలు గడ్డివాములు తగలబెడతామని కిరసనాయిలు తెచ్చుకుంటే నేనే ఒలకబోశాను. పాస్టరుగారు నా పేరు చెప్పి ప్రసంగం చేశారట. కనపడ్డవాళ్లంతా సాధువంటున్నారు. ఠాణాకు వెళ్లను. సాక్ష్యం చెప్పేవాడు ఈ ఊళ్లో బతకలేడు.

ఒక సాయం అడగాలి. ఇక్కడి గొడ్డలి ఎడమచేతికి బరువు. కట్టెలు కొట్టడం కూడా బాలవ్వే చేస్తుంటే చూడలేకపోతున్నాను. కొలిమి పనివాళ్లు బావకు తెలుసు కదా. పట్టుకునే కామ చిన్నదిగా, తేలికపాటి గొడ్డలి ఒకటి చేయించి పంపగలడా? అంచు బాగా పదునుగా ఉండాలి.

నా గురించి ఫికరు చేయకు. నా మనసు చాలా నెమ్మదిగా ఉంది.

యేసుదాసు


బెల్లంపల్లి
20 సెప్టెంబరు 1953

తమ్ముడికి దీవెనలు.

ఈ రోజు చేసిన పనులు. ఇల్లలికాను. మిరపకాయలు ఎండబెట్టాను. గట్టయ్య ఇంటికి అన్నం పంపాను. నీ గొడ్డలిని గోనెగుడ్డలో చుట్టి, కుట్టి, హనుమండ్లు చేతికిచ్చాను. మీ బావ దగ్గరుండి చేయించాడు. కామ తుమ్మకట్టెది, పట్టుకుంటే జారదు. పదును నేనే బొటనవేలితో చూశాను. మొదటి కట్టె బాలవ్వ ఎదురుగా కొట్టు, ఆమె మనసు చల్లబడుతుంది.

గట్టయ్య ఇంటికి అన్నం ఎందుకని అడుగుతావేమో. రోకలి దెబ్బ తగిలాక వాడు గనికి పోలేదు. చెయ్యి అతుక్కుంది గానీ టబ్బు ఎత్తేంత బలం రాలేదు. ఒక పొద్దున పోచవ్వ నా వాకిట్లోకి వచ్చి, పిల్లను చంకన వేసుకుని, లైనంతా వినేలా అరిచింది. "నన్ను కాపాడినవు, మంచిగనే ఉన్నది. ఇగ మమ్ముల సాదు! వాని చెయ్యి ఇరగ్గొడితివి, మేమేం దినాలె? మన్ను దినాలె?"

ఆడమనిషి తల పగలగొట్టిన చెయ్యే ఆ పిల్లకు అన్నం పెట్టే చెయ్యి కూడా. కొట్టేటప్పుడు నాకు ఒకటే కనిపించింది. ఆ రోజు నుంచి వాళ్ల వంట నా పొయ్యి మీదే.

మొన్న వాడు మళ్లీ తాగి, ఎడమచేత్తో కర్ర ఎత్తాడు. నేను అన్నం గిన్నెతో గుమ్మంలో ఉన్నాను. రోకలి లేదు. అక్కడే నిలబడ్డాను. వాడు నన్ను చూశాడు, గిన్నెను చూశాడు, కర్ర కింద పెట్టాడు. నువ్వు రాసిన ఒట్టి చేతుల మాట నిజమే కావచ్చు. కానీ తమ్ముడూ, నా ఇంట్లో రోకలి ఉందని వాడికి తెలుసు.

సాయవ్వ


బెల్లంపల్లి
25 అక్టోబరు 1953

యేసుదాసూ,

ఇవాళ పనుల లెక్క లేదు. రాత్రికి పొయ్యి వెలిగించలేదు.

ఊరూరా తిరిగి సువార్త చెప్పే తారాబాయి మీ వైపు నుంచి వచ్చింది. అన్నం తింటూ నిన్ను పొగిడింది. "నీ తమ్ముడెంత నెమ్మది మనిషి సాయవ్వా! మొన్న పాస్టరుగారు సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేటప్పుడు గిన్నె గూడ ముట్టలే. తల అడ్డంగ ఊపి పక్కోనికి జరిపిండు. నేను తగను అన్నట్టు. గంత వినయం నేనెక్కడ సూడలే."

నా కంచం పక్కకు పెట్టేశాను.

సంస్కారానికి ముందు పాస్టరుగారు ఏమి అడుగుతారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎవరి మీదనైనా పగ ఉన్నవాళ్లు గిన్నె ముట్టవద్దంటారు. తారాబాయికి అది వినయంలా కనబడింది. నేను నీ అక్కను. నాకు అబద్ధం రాయగలిగావు, సంఘానికి సాధువులా కనబడగలిగావు. ఆ గిన్నెతో మాత్రం అబద్ధమాడలేకపోయావు.

గొడ్డలి కట్టెల కోసం కాదు. దాన్ని గోనెలో కుట్టి పంపింది నేను.

గనిలో కప్పు కింద నిలబెట్టే కట్టెల్లో చప్పుడు చేసేదానికి భయపడవద్దంటాడు మీ బావ. కప్పు బరువు దిగేటప్పుడు అది కిర్రుమంటుంది, మనిషి పక్కకు జరుగుతాడు. కిక్కురుమనకుండా నిలబడిన కట్టే ఒక్కసారిగా విరిగి మీద పడుతుందట. నేను కిర్రుమనేదాన్ని. నా కోపం లైనంతటికీ తెలుసు, సాయంత్రానికి చల్లారుతుంది. నువ్వు మూడు నెలలుగా చప్పుడు చేయలేదు. అందరూ దాన్ని నెమ్మది అన్నారు. నేను కూడా అనుకున్నాను.

రాజలింగును నిలదీయాలంటే పగటిపూట, పదిమంది ముందు, ఎదురుగా నిలబడి నిలదీయి. వెనక నుంచి వచ్చి నరకడం బలం కాదు. నువ్వు ఉరికంబం ఎక్కితే బాలవ్వ ఎవరి పొలంలో కూలికి పోవాలి? పటేలు పొలంలోనే కదా. నీ కొడుకు జీతం ఉండేది ఆయన కొట్టంలోనే కదా.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. హనుమండ్లుకు ఒకరోజు కూలి పోయినా సరేనని బతిమాలి పంపుతున్నాను. గొడ్డలి వాడి చేతికి ఇచ్చెయ్యి.

అక్క


ఎర్రకుంటపల్లె
22 నవంబరు 1953

అక్కా,

నువ్వు పట్టుకున్నావు. ఇక దాచను.

హనుమండ్లు నీ ఉత్తరం ఇచ్చాడు. చదివాను. గొడ్డలి అడిగితే, రేపిస్తానని వాడిని పంపేశాను. పంపి, అదే మధ్యాహ్నం గొడ్డలి తీసుకుని వెళ్లాను. నీ మాట సగమే విన్నాను. పగటిపూట వెళ్లాను.

రాజలింగు పటేలు కళ్లంలో ఉంటాడని తెలుసు. దారంతా ఎక్కడ వేయాలో ఆలోచించుకుంటూ నడిచాను. మెడ మీద అనుకున్నాను. చెయ్యి నరికి వదిలేస్తే చాలదా అనుకున్నాను. మళ్లీ మెడే అనుకున్నాను. పాట కూడా పాడుకున్నాను, ఆదివారం నేను పిల్లలకు నేర్పే పాట.

కళ్లం నడుమ గుంజకు రాజలింగును కట్టేశారు. వాడు కునుకు తీస్తుంటే పటేలు ఎద్దు ఒకటి బావిలో పడి చచ్చిందట. పటేలు కొడుకు చెర్నకోలతో కొడుతున్నాడు. వీపు మీద చర్మం పాయలు పాయలుగా లేచింది. వరికుప్పల మీద నెత్తురు చుక్కలు పడుతున్నాయి. కూలివాళ్లు పని ఆపకుండా తలలు వంచుకుని ఉన్నారు. పటేలు నన్ను చూసి నవ్వాడు.

"ఏమిర సాధువూ, సూడ వచ్చినవా? కూసో. నీ పగ నేనే తీరుస్తున్న. మంచిగనిపిస్తాందా?"

మంచిగనిపించింది అక్కా. నిలబడి చూశాను. ఒక్కో దెబ్బకు నా వేళ్లలో నొప్పి తగ్గుతున్నట్టు అనిపించింది. ఇంకో నాలుగు పడితే నా పని తీరినట్టే, చేతికి నెత్తురు అంటకుండానే ఇంటికి పోవచ్చు అనుకున్నాను.

రాజలింగు అరవడం లేదు. కదలడం లేదు. బిగదీసుకుని ఉన్నాడు. కదిలితే చెర్నకోల మెడకు చుట్టుకుంటుందని తెలిసినవాడిలా. అప్పుడు అర్థమైంది, నాకు ఆ రోజు చెవిలో చెప్పింది వాడు బతుకంతా నేర్చుకున్న విద్య అని.

ఎలా నడిచానో తెలియదు. గొడ్డలితో తాడు నరికాను. వాడు బోర్లా పడ్డాడు. పటేలు కొడుకు చెర్నకోల నా ముఖం మీద వేశాడు. కన్ను పోయిందనుకున్నాను. గొడ్డలి వెనకవైపుతో వాడి భుజం మీద కొట్టాను. ఎముక పలికింది. వాడు పడ్డాడు. అంచు తిప్పి పట్టుకుని రాజలింగుకు అడ్డంగా నిలబడ్డాను.

"ఇంకొక్క దెబ్బ గీని మీద వడితె ఈసారి అంచుతోని ఏస్త" అన్నాను.

పటేలు లేచాడు. "నీ దేవుడు నీకు గిదేనార నేర్పింది?"

"నేర్పకుంటె మొదటిదే అంచుతోని వడుతుండె దొరా."

ఎవరూ ముందుకు రాలేదు. నిజం చెప్పాలంటే వచ్చి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. వాళ్లకూ తెలియదు, అందుకే రాలేదేమో.

రాజలింగు నాకు దండం పెట్టాడనుకుంటున్నావా? "నిన్నెవడు రమ్మన్నడుర? నాలుగు దెబ్బలకు పోయేది, గిప్పుడు పాణం మీదికి దెచ్చినవు" అని తిట్టాడు. నా వీపు మీద మోసుకొస్తుంటే దారి పొడుగునా తిట్టాడు. బాలవ్వ వాడి పుండ్లకు పసుపు, నూనె రాస్తూ తనూ తిట్టింది. "నా మొగని చెయ్యి దీసినోడా, కదలకుంట పండు! కదిలితె కారం రాస్త!"

మర్నాడు పటేలు మనుషులు మన ప్రార్థన పాకకు నిప్పు పెట్టారు. ఆర్పడానికి పోయిన ఇద్దరు కుర్రాళ్లకు తలలు పగిలాయి. నన్ను ఠాణాకు తీసుకుపోయి రెండు రోజులకు వదిలారు. రాజలింగు వీపు చూపిస్తానని నేను అనేసరికి పటేలు తన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు.

గొడ్డలిని, మళ్లీ ఊరికొచ్చిన హనుమండ్లు చేతికి ఇస్తున్నాను. ఇప్పుడు రావద్దు. ఊరు ఇంకా పొగలోనే ఉంది.

తమ్ముడు


ఎర్రకుంటపల్లె
4 జనవరి 1954

అక్కకు, బావకు వందనాలు.

క్రిస్మసుకు పాస్టరుగారు వచ్చారు. కాలిన పాక బూడిద ఊడ్చి, అక్కడే చాపలు పరిచాం. సంస్కారానికి ముందు సంఘం కూర్చుని నన్ను పెద్దరికం నుంచి దించింది. గొడ్డలెత్తినవాడు ప్రార్థన నడపకూడదన్నారు. నేను కాదనలేదు. నా మనసులో హత్య ఉన్నన్నాళ్లు నన్ను సాధువన్నారు. అది పోయాక దించారు. నవ్వొచ్చింది గానీ కోపం రాలేదు. తల పగిలిన కుర్రాళ్లలో ఒకడి తల్లి మాత్రం, "నువ్వు సప్పుడు జెయ్యకుంటె పాకన్న మిగులుతుండె" అంది.

పాస్టరుగారు ఎప్పటిలాగే అడిగారు. గిన్నె నా దగ్గరకు వచ్చింది. లోపల వెతుక్కున్నాను. ఎడమచేత్తో తీసుకున్నాను. కొంచెం ఒలికింది. తాగాను.

ఇక అసలు సంగతి. ఈ ఉత్తరం తెచ్చిన మనిషి పేరు రాజలింగు. ఊళ్లో ఉంటే పటేలు వాడిని చంపిస్తాడు. బావ గనిలో ఏదైనా పనికి పెట్టించగలడేమో చూడండి. మొండివాడు, మాట మంచిది కాదు, పని మాత్రం చేస్తాడు. వాడికి నీ సంగతంతా చెప్పాను. అయినా వస్తానన్నాడు. నువ్వు లోపలికి రానిస్తావో, తరిమేస్తావో నీ ఇష్టం. నేను తప్పు పట్టను.

యేసుదాసు


బెల్లంపల్లి
10 జనవరి 1954, ఆదివారం

తమ్ముడు యేసుదాసుకు అక్క సాయవ్వ దీవెనలు.

ఈ రోజు చేసిన పనులు. తెల్లవారి నీళ్లు పట్టాను. జొన్నలు విసిరాను. ఆరాధనకు వెళ్లి, సంస్కారం తీసుకుని వచ్చాను. రాజలింగు వీపుకు నూనె రాశాను.

వాడు శుక్రవారం వచ్చాడు. మీ బావ షిఫ్టులో ఉన్నాడు. తలుపు తీసేసరికి గోచీ, భుజాన గొంగడి, చేతిలో నీ ఉత్తరం. నేను ముఖం చూడలేదు, చేతులు చూశాను. పెద్ద చేతులు, పగిలిన గోళ్లు. ఉత్తరం రెండుసార్లు చదివాను. వాడు ఎండలోనే నిలబడి ఉన్నాడు.

"కాళ్లు కడుక్కొని లోపటికి రా" అన్నాను.

కూర్చోబెట్టి జొన్నగట్క, పప్పుచారు వడ్డించాను. మంచినీళ్లు పెట్టాను. అంతవరకు నా చేతులు నా మాట విన్నాయి. ముద్ద కలపడానికి వాడు కుడిచెయ్యి చాపాడు. ఐదు వేళ్లూ వంగాయి. చక్కగా వంగాయి. అక్కడ నావల్ల కాలేదు.

"రాజలింగు, జర లే" అన్నాను.

లేచాడు. నా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి చెంప మీద కొట్టాను. గోడకు తగిలాడు. పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారింది. నా అరచెయ్యి మొద్దుబారింది. వాడు ఒక్క ఊపు ఊపితే నేను పొయ్యిలో పడేదాన్ని. ఎద్దును పడగొట్టే మనిషి, చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు.

"ఇంకోటి ఉన్నదా అవ్వా?" అన్నాడు. "ఉంటె గదిగూడ కానియ్యి. గట్క సల్లారుతాంది."

ఉందా అని వెతుక్కున్నాను. నిజంగానే వెతికాను యేసుదాసూ. నీ మూడు వేళ్లు తలుచుకున్నాను, డప్పు తలుచుకున్నాను, చప్పుడు విని పండుగనుకున్న పిల్లలను తలుచుకున్నాను. ఏడుపు వచ్చింది. దెబ్బ రాలేదు.

"లేదు. కూసో" అన్నాను. పప్పుచారు మళ్లీ వేడి చేశాను. మూడుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. "ఉప్పు తక్కువైంది" అన్నాడు కూడా, ఆ చిట్లిన పెదవితో. వాడి నోటి గురించి నువ్వు రాసింది నిజమే.

మీ బావ వచ్చి చూసి, వాడి చెంపను, నా ముఖాన్ని మార్చి మార్చి చూసి, "తిన్నడా?" అన్నాడు. తిన్నాడన్నాను. "ఏది ముందుగాల?" అన్నాడు. నేను కంచం తీసి కడగబోయాను. మేస్త్రీతో మాట్లాడి తనతోపాటు కట్టెలు నిలబెట్టే పనికి తీసుకుపోతానన్నాడు. రేపటి నుంచి పొద్దున షిఫ్టు. క్వార్టరు దొరికే వరకు మా వసారాలో పడుకుంటాడు.

ఇవాళ మందిరంలో పాస్టరుగారు అడగవలసింది అడిగారు. శంకరవ్వ నా వైపు ఓరగా చూసింది. లైనంతా ఆ చెంపదెబ్బ విన్నది కదా. గిన్నె వచ్చింది. నేను తీసుకున్నాను.

మన సంఘం నిన్ను మళ్లీ పెద్దను చేసినా, చేయకపోయినా పిల్లలకు పాటలు నేర్పడం మానకు.

లెక్క రాసి ముగిస్తున్నాను. రాజలింగు నుంచి నాకు రావలసినది చెంపదెబ్బ ఒకటి. శుక్రవారం వసూలైంది. ఇక బాకీ లేదు.

మీ అక్క
సాయవ్వ